ఖాళీ బండి

ఎనుమాముల మార్కెట్ల
పత్తి తూగే కాంటా మీదికి
దాన్ని ట్రాక్టరు డబ్బల ఏసుకొచ్చిండు యాకూబ్ పాషా.
డబ్బ బరువు తీసేస్తే
నాలుగు క్వింటాళ్ల పదహారు కిలోలు.
కిలో ముప్పై నాలుగు.
చిట్టీ మీద సరుకు అన్న కాడ గుమాస్తా రాసిండు:
ఇనుపతుక్కు.

రెండు సీట్ల ఎం.జి. అది. పొడుగు మూతి.
మిల్లు నడిచిన రోజులల్ల ఏ దొరనో తెచ్చిండంటరు.
మిల్లు మూతపడ్డది, దొర ఎటో పోయిండు,
స్టీరింగ్ కింద కోళ్లు పొదిగినయి.

"నీకేం పిచ్చి టీచరమ్మా" అన్నడు పాషా,
పైసలు లెక్కపెట్టుకుంటనే.
ముప్పై ఏండ్లు ఐ.టి.ఐ.ల పోరగాండ్లకు
ఆకురాయి పట్టుడు నేర్పిన.
ఇనుమును గదమాయించొద్దు, నిదానంగ అడుగుమని చెప్పిన.
నేను మాత్రం ఏనాడూ ఒక్క వస్తువు పూర్తిగ చెయ్యలే.
అన్నీ నమూనాలే.
సగం కోసిన బోల్టు,
పరీక్ష అయినంక తుక్కుల పడ్డ చతురస్రం.

చక్రాలు దొరికినయి గని పుల్లలు లేవు.
కరీమాబాదుల రిక్షాలు బాగుచేసే ఐలయ్య
ఒక్కో పుల్లను గోటితో మీటి చెవి ఒగ్గుతడు.
"ఇది ఏడుస్తున్నది" అంటడు,
అర చుట్టు తిప్పుతడు, మళ్ల వింటడు.
చక్రానికి నలభై ఎనిమిది. రెండు నెలలు పట్టింది.
రిక్షాలు ఎప్పుడో ఆగినయి,
ఆ చెవి ఆగలే.

లోపలి కర్రంత చెదలు తిన్నది.
"అసలుది ఏం కర్ర?" అనడిగిండు
ధర్మసాగరం వడ్ల నరహరి.
సీమ కర్ర అన్న.
"మన తుమ్మ దానికి మొగుడు"
అని బాడిస అందుకున్నడు.

ఇంజను కథ వేరే.
పరకాల అవతల ఒక బాయిగడ్డ మీద దొరికింది.
కిరసనాయిలు తాగి
ఇరవై ఏండ్లు మిరపతోటకు నీళ్లు తోడిందట.
కరెంటు మోటరు వచ్చినంక గోనె కప్పి పండబెట్టిండ్రు.
జంగు గీకి నంబరు చూసిన, సగమే కనవడ్డది.
ఈ కారుదే అని చెప్పలేను,
కాదని సుత చెప్పలేను.
"మళ్ల నీళ్లు తోడిపిస్తవా బిడ్డా?" అన్నది ముసలామె.
"లేదవ్వా, ఊర్లు తిరుగుతది."
"తిరగనియ్యి. నిలబడి నిలబడి కాళ్లు గుంజినయి దానికి."
ఇంటికొచ్చి హెడ్ ఇప్పితే లోపల ఎర్రమట్టి,
ఒక మిరప ఇత్తు.

వాకిట్ల ముగ్గేసే జాగ పోయింది.
పొద్దుగాల లేస్తే
సాన్పు చల్లిన నేల మీద ఆయిలు చుక్కలు,
ఏడు, ఐదు, మూడు,
చుక్కలు నేను పెట్టిన, గీతలు నువ్వు కలుపుకో అన్నట్టు.
మా చెల్లె సుగుణ గోళ్లు చూసి
"అన్నం తినే చెయ్యేనా అక్కా ఇది" అన్నది.
సబ్బు పెట్టి రుద్దింది. పోలే.

మొదటినాడు దగ్గింది.
మూడోనాడు హ్యాండిలు ఎదురు తన్ని మణికట్టు వాచింది.
పదకొండోనాడు, వాన మొగులు,
చెయ్యి ఇంకా పూర్తిగ తిప్పనే లేదు,
అందుకున్నది.
గోడ అవతలి కుక్క మొరుగుడు మానింది.
నేను బంద్ చేసిన.
నిజమేనా అని మళ్ల స్టార్ట్ చేసిన.
మళ్ల బంద్ చేసి
మెట్ల మీద కూసున్న, శానసేపు.

దర్వాజ ఒకటి ఇంకా సరిగ పడదు.
అయినా దీపావళి పోయినంక ఎనుమాములకు తోలుకపోయిన.
ముందు పత్తి బండ్లు, ఎనక పత్తి బండ్లు,
నడుమ నేను, టోపు లేకుండ, ఎండల.
కాంటా ఎక్కిన.
ఏడు క్వింటాళ్ల తొంభై.
"దిగాలె మేడం, డ్రైవరును లెక్కపెట్టం" అన్నడు అదే గుమాస్తా.
దిగలే.
"సరుకేంది?"
నోట్లకెల్లి మాట రాలే.
మెడ సాపి చూసిండు,
పక్కసీట్ల నా పానాల సంచి, సద్ది డబ్బ.
ఎనక హారన్లు కొడుతున్నరు.
గబగబ రాసి చేతుల పెట్టిండు:
ఖాళీ బండి.

తొవ్వల పొంటి స్పీడు మీటరు పక్క రేకొకటి
గలగలమంటనే ఉండె, వచ్చేటప్పుడు సుత.
చిట్టీ నాలుగు మడతలు పెట్టి
ఆ సందుల చెక్కిన.
ఇప్పుడు మొత్తుకుంటలేదు.