సీజను అయిపోయినాక

ఏమ్మే మునికుమారీ,
గేటు కాడనే నిలబడి పిలస్తాండా, లోపలికి రాను.
చెప్పులిప్పితే కూర్చోమంటావు, కూర్చుంటే కాఫీ అంటావు,
కాఫీ అయినాక వచ్చిన పని మరిచిపోతా.

నీ బిడ్డ కార్డు చూసినా.
పుట్టిన నాటివి, నెలన్నరవి, సూదులు, చుక్కలు,
అన్ని గళ్ళూ నిండుండాయి.
బుధవారం బంగారుపాళ్యం ఆసుపత్రికి నువ్వే ఎత్తుకొచ్చినావు,
తొడకు సూది పడంగానే
వాడికన్నా ముందు నువ్వు ఏడ్చినావు.
అదే వరండాలో, నాలుగడుగుల అవతల, రక్తం తీసే గది.
దాన్ని దాటుకోని పోయి ఆటో ఎక్కినావు.

నా రిజిస్టర్లో నీ పేరుకు ఎదురుగా
ఒక గడి ఖాళీగా ఉండాది.
పెన్ను పట్టుకోని దాని ముందర రెండు బుధవారాలు కూర్చున్నా.

"షుగరా? అది కాన్పుతోనే పాయ కదక్కా" అంటావు.
ఇంటికి పంపించే నాడు వేలు పొడిచి చూసి బాగుందన్నారు.
ఇన్సులిన్ సీసా తీసేసి
ఫ్రిజ్జులో ఆ మూల పెరుగ్గిన్నె పెట్టుకున్నావు.
నిజమే. పోయింది.

జ్యూసు ఫ్యాక్టరీలో నాలుగు సీజన్లు చేసినదానివి,
నీకు నేను చెప్పాల్నా.
ఆఖరి తోతాపురి లోడు దిగినాక
బెల్టులు కడుగుతారు, డ్రమ్ములకు మూతలు బిగిస్తారు,
కూలి లెక్క చూసి పంపిస్తారు, గేటుకు తాళం.
సీజను అయిపాయ.
అయినా దసరా దాకా
ఆ షెడ్డు గోడ చుట్టూ తేనెటీగలు తిరగతానే ఉంటాయి.
వాటికి తాళంతో పని లేదు.
యాడో, ఏ పగుల్లోనో,
కొంచెం తీపి దాక్కోనుంటే
వాటికి తెలుస్తాది.
మనకు తెలీదు. మనకు పరీక్ష కావాల.

డైరీ సందులో కస్తూరి ఉండాదే,
మొదటి కాన్పుకు ఆమెకూ నీ మాదిరే.
తర్వాత రమ్మని ఎవురూ పిలవలా.
ఎవురూ అంటే నేనే. నేనే పిలవలా.
దప్పికైతే ఎండలనుకునింది.
సన్నబడితే బిడ్డ పాలు తాగతాండాడు గదా అనుకునింది.
రాత్రి మూడుసార్లు లేస్తే పిల్లోడి కోసమే లేచినాననుకునింది.
మూడేండ్లు.
రెండో కడుపు పడినాక గానీ బయట పడలా.
ఇంగ చెప్పను, నువ్వు పాలిస్తాండావు.

మీ అత్త బెల్లం పోసి కాయం చేసి పెడతాండాదని తెలుసు.
కొట్లాడేకి రాలా.
ఆమెకూ యాభై దాటినాయి,
ఆమె వేలు గూడా ఒకసారి పొడవాల, మెల్లిగా చెప్తా.

రేపు పొద్దన్నే ఏమీ తినకుండా, తాగకుండా రా.
ఉత్తనీళ్ళయితే పర్లేదు.
ఆడ గ్లూకోజు కలిపి గ్లాసిస్తారు,
గొంతు పట్టేసేంత తీపి, కండ్లు మూసుకోని తాగెయ్.
తర్వాత రెండు గంటలు కూర్చోవాల.
నాకు తెలుసులే, నీ భయం సూదికి కాదు,
ఆ రెండు గంటలకు.
పాలు ఎవురు పోసొస్తారు, గుడ్డలు ఎవురు పిండతారు,
సంగటి ఎవురు కెలకతారు.
పెండ్లయినాక రెండు గంటలు ఊరికే కూర్చున్నది
ఒక్కనాడు చెప్పు చూద్దాం.

కిటికీ కాడ బెంచీ ఉండాది, ఫ్యాను కిందనే.
బిడ్డను నేనెత్తుకుంటా.
ఆకలికి ఏడిస్తే నీకిస్తా, తాగినాక మళ్ళీ తీసుకుంటా.
నిద్రొస్తే నిద్రపో, ఎవురూ ఏమనరు.

బాగుంటే సంతోషం.
అయినా వచ్చే ఏడు మళ్ళీ వస్తా,
ఆపైన ఏడు గూడా.
వాడి పుట్టినరోజు మరిచిపోవు గదా,
ఆ నెలలోనే నీ రక్తం గూడా చూపించాల,
కొవ్వొత్తి ఊదే ముందో, ఊదినాకో, నీ ఇష్టం.
ఇంకో బిడ్డ కావాలనుకుంటే మాత్రం
అనుకున్న రోజే చెప్పు, నిలిచినాక కాదు.

పోతా.
ఎగువింట్లో ఇంకో ఖాళీ గడి ఉండాది.
వద్దు వద్దు, స్టవ్ ఆపు, కాఫీ వద్దన్నా గదా.
రేపు నువ్వూ తాగొద్దు.
ఏడింటికి స్కూటీ హారన్ కొడతా,
రేపు గూడా గేటు కాడనే.