చుక్క

నరిన్‌లో జనవరి. సుద్దముక్క కూడా వేళ్లను కొరుకుతోంది.
"గుణిస్తే పెరగాలి కదా, నుర్జాత్ ఎజే?"
బెక్తెమిర్ వదలడు.
సున్నా పాయింట్ మూడు ఇంటూ సున్నా పాయింట్ నాలుగు
పన్నెండట వాడికి.
చుక్క ఎటో జారిపోయింది.

కంబళి ముక్క పరిచి పదికి పది గళ్లు గీశాను.
అడ్డంగా మూడు వరసలు నీలం,
నిలువుగా నాలుగు ఎరుపు.
రెండు రంగులూ కలిసిన గళ్లు?
పన్నెండే.
నూరింటిలో.

వాడు పొయ్యి వైపు చూశాడు.
"మా బస్తాలో మూడు పదోవంతులే మిగిలింది బొగ్గు.
అందులో నాలుగు పదోవంతులే ఈ వారానికి, అంది అమ్మ."
కాసేపాగి,
"అయితే ఇది నాకు తెలిసిన లెక్కే."

రాత్రి నోట్సులు దిద్దుతుంటే
వాడి చుక్క సరైన చోటే ఉంది.
ఎంత ఒత్తి పెట్టాడో,
వెనక పేజీకి చిల్లు.