ఇరవై ఆరు నిమిషాలు

పద్దెనిమిదేళ్ళుగా మాకు సెలవంటే
తూకం.
బాత్రూము కాటా మీద పెట్టె, పెట్టె మీద ఫల్గుణ చెయ్యి.
ముప్పై కిలోలు దాటితే
ఎవరి పాలపొడి డబ్బా తీసెయ్యాలో
ఎవరి సెంటుబుడ్డి ఉంచాలో
అర్ధరాత్రి దాకా తగువు.

ఈసారి ఎవరికీ చెప్పలేదు.
మనామాలో, గుదైబియా సందులో, మా ఫ్లాటుకి తాళం వేసి
జల్లాక్ ఒడ్డుకి టాక్సీ ఎక్కాం.
ఇరవై ఆరు నిమిషాలు.
ఇంత చిన్న దీవిలో ఇంతకంటే దూరం పోతే
సముద్రంలో పడతాం.

"పది రాత్రులా?" అంది కౌంటరు దగ్గర మర్యమ్
మా చిరునామా చూసి, మళ్ళీ మమ్మల్ని చూసి.
"ఇల్లు రిపేరులో ఉందా?"
ఇల్లు కాదమ్మా, మేమే, అనబోయి
అరబిక్ చాలక నవ్వాను.

గదికి ఓ గోడ మొత్తం అద్దం.
అద్దం అవతల మాకోసమే ఒక కొలను,
కొలను అవతల సముద్రం.
నీళ్ళ పక్కన మళ్ళీ నీళ్ళెందుకో
మూడోరోజుకి గానీ అర్థం కాలేదు.
సముద్రం ఎవరిదైనా కావచ్చు,
ఇది పద్నాలుగో నంబరు గదిది.

మంచం మీద ఏడు దిండ్లు.
ఫల్గుణ ఐదింటిని సోఫాలో వరసగా కూర్చోబెట్టి
"చుట్టాలొచ్చారు, కాఫీ పెట్టు" అన్నాడు.
అల్యూమినియం బట్టీ ముందు
కళ్ళు చికిలించడం అలవాటైన మనిషి
ఎండని వెలుతురులా చూడ్డం
నెమ్మదిగా నేర్చుకుంటున్నాడు.

తడి తువ్వాలు నేలమీద వదిలేస్తే ఎవరో తీస్తారట.
మొదటిరోజు వంగి నేనే తీశాను.
రెండోరోజు వంగబోయి ఆగాను.
మూడోరోజు, ఆగిన సంగతే గుర్తులేదు.
నాలుగోరోజు ఆ తువ్వాలే హంసై
మంచం మధ్య కూర్చుని ఉంది.
దాని మెడ విప్పడానికి మనసొప్పక
ఫల్గుణ చొక్కాతో తల తుడుచుకున్నాను.

ఐదోరోజు పొద్దున
పదకొండు రకాల రొట్టెలు, నాలుగు రంగుల తేనె.
నాలుక మాత్రం
మా ఫ్రిజ్ రెండో అరలో, పెరుగు గిన్నె వెనక
గోంగూర సీసాకి ఆనుకుని కూర్చుంది.
అదీగాక పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క.
నీళ్ళు పోసి ఐదురోజులు.

ఫల్గుణ ఆవిరిస్నానానికి వెళ్తున్నానన్నాడు,
రెండు మూడు గంటలు పడుతుందన్నాడు.
"నేను ఒడ్డున కాస్త నడుస్తా" అన్నాను.
నడిచాను, టాక్సీ దాకా.

మా మెట్ల మీద
కింది అంతస్తు మలయాళీల చేపల పులుసు వాసన.
తలుపు ముందు నిలబడి, ఎందుకో
బెల్లు కొట్టాను.
సొంతింటికి ఎవరైనా బెల్లు కొడతారా?
కొట్టాక గానీ తట్టలేదు.

లోపల అడుగుల చప్పుడు.
చెప్పు తీసి చేత్తో పట్టుకున్నాను.

తలుపు తీసింది ఫల్గుణే.
లుంగీ, చెంప మీద సోఫా చారలు,
వేళ్ళకి గోంగూర నూనె.

చాలాసేపు ఎవ్వరం ఏమీ అనలేదు.
అతని వెనక, బాల్కనీలో, కరివేపాకు డబ్బా కింద
తడి మరక పాకుతోంది.
"ఎవరు కావాలండీ?" అన్నాడు చివరికి.
"గదులేమన్నా ఖాళీ ఉన్నాయా?"
"ఒక్కటే. దిండ్లు మాత్రం రెండే."

ఆ మధ్యాహ్నం గరగరలాడే ఏసీ కింద
మేం తీసిన కునుకుకి
అక్కడ, ఖాళీ గదిలో, తొంభై దినార్లు పడుతూనే ఉంది.
ఆ డబ్బుకి ఎన్ని చీరలొచ్చేవో
నిద్రలో కూడా లెక్కపెట్టాను.

సాయంత్రం తిరిగి వెళ్ళాం.
ఇంకా ఐదు రాత్రులున్నాయి, డబ్బు కట్టేశాం.
పైగా, అబద్ధమెందుకు,
నాకు ఆ కొలను కూడా కావాలి.

గేటు దగ్గర మిషను తెరమీద
నా సంచిలో సీసా నల్లగా, దిట్టంగా కనిపించింది.
"ఏమిటిది?" అన్నాడు కాపలా అబ్బాయి.
ఫల్గుణ సీసాని చేతిలోకి తీసుకుని
పైకీ కిందకీ ఆడించి బరువు చూసి
"లగేజీ" అన్నాడు.