మావుళ్ళు కుడిచెయ్యి

ఆకివీడులో రైల్వేగేటు దాటాక
రొయ్యల మేత కొట్టుకీ లేతు మిషనుకీ మధ్య
మావుళ్ళు మోటార్ రివైండింగ్ షాపు.
వార్నిష్ వాసన, కాలిన రాగి వాసన,
పట్టపగలు కూడా వెలిగే వంద వాట్ల బల్బు.

నేను పనిలో చేరిన రోజు
ముందు నా చేతులు చూశాడు.
ఆయన కుడిచేతికి బొటనవేలు లేదు.
రైసుమిల్లు బెల్టు పట్టుకుపోయింది, నేను పుట్టకముందు.
టీ కొట్టు దగ్గర ఎవరో ఏకలవ్యుడి మాటెత్తితే
"బెల్టుకి గురుదక్షిణేంట్రా" అని
నాలుగు వేళ్ళతో గ్లాసు పట్టుకుని ఊదుకున్నాడు.

ఆ చెయ్యే నాకు పలక.

పాత లాంచీలోంచి ఊడదీసిన దిక్సూచి ఉండేది.
అద్దం పగిలినా ముల్లు ఉత్తరాన్ని మర్చిపోలేదు.
దాని మీదుగా రాగితీగ పరిచి
బ్యాటరీకి తాకించమన్నాడు.
ముల్లు ఉలిక్కిపడింది.
తీసేశాను. ఊగి ఊగి ఉత్తరానికొచ్చి ఆగింది.
కొసలు మార్చి తాకించాను.
ఈసారి అటువైపు.
"తీగలో పోయేది కనపడదు మార్తా,
దాని సుట్టూ తిరిగేదీ కనపడదు.
మద్దెన ఈ ముల్లొకటే సాచ్చం."

తాడెక్కేవాణ్ణి తల్చుకోమన్నాడు.
మనిషి పైకి పోతాడు,
మోకు మాను చుట్టూ ఉంటుంది.
"మోకు ఒక్కచోటే కాదు,
మొదలు నుంచి మొవ్వు దాకా ఉందనుకో."

అనుకుంటూ ఉండగానే
నాలుగు వేళ్ళూ మడిచి పిడికిలి నా ముందు పెట్టాడు.
"నీ బొటనేలు పెట్టు ఇక్కడ."
గరుకు మచ్చ మీద నా వేలు నిలబెట్టాను.
"ప్లస్సు నుంచి మైనస్సుకి నీ ఏలు.
అది ఎటు పోతే అటు, దాని సుట్టూ నా నాలుగూ."

ఐటీఐలో చేరిన ఏడాది
పుస్తకం పట్టుకొచ్చి దెబ్బలాడాను.
కదిలేవి ఎలక్ట్రాన్లట,
మైనస్సు నుంచి ప్లస్సుకట!
ఇన్నాళ్ళూ మీ బాణం తలకిందులేనా?
ఆయన భీమవరం బస్సు సంగతి చెప్పాడు.
ముందు సీటువాడు దిగుతాడు,
వెనకవాడు ఆ సీట్లోకి జరుగుతాడు,
వాడి వెనకవాడు వాడి సీట్లోకి.
మనుషులు ముందుకి, ఖాళీ వెనక్కి.
"పెద్దోళ్ళు ముందు ఖాళీకి పేరెట్టేశారు.
మనుషులున్నారని తర్వాత తెలిసింది.
పేరు మార్చలేదు. లెక్కా తప్పలేదు."

మా పేటని సర్వే పటంలో
ఖాళీ జాగా అని రాశారు ఒకసారి.
ఆ సంగతి నోటిదాకా వచ్చింది.
కాయిలు చుట్టుకుంటూ మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను,
నలభై రెండు, నలభై మూడు.

ఇంటికెళ్తూ వంతెన మీద సైకిలాపి
ఉప్పుటేరు చూస్తాను.
పోటుకి సముద్రం కొల్లేరు వైపు నడుస్తుంది,
పాటుకి కొల్లేరు సముద్రం వైపు.
గుర్రపుడెక్క మొక్క ఒకటి
పొద్దున దిగువకి, సాయంత్రం ఎగువకి,
ఊరు దాటిన పాపాన పోదు.
గోడలో తీగకీ అదే బతుకు.
సెకనుకి యాభై పోట్లు, యాభై పాట్లు.
ఎలక్ట్రాను ఉన్నచోటే అల్లాడుతుంది,
ఫ్యాను మాత్రం తిరుగుతుంది,
మా అమ్మ నిద్రపోతుంది.

మొన్న రాత్రి రెండింటికి ఫోను.
కాళ్ళ దాటాక నాలుగో చెరువు.
రొయ్య పైకి తేలుతోంది, పొద్దున్నే బిగించిన ఏరేటరు
వెనక్కి తిరుగుతోంది.
బిగించింది నేనే.
"ఆడపిల్లని పంపాడేంటి మావుళ్ళు" అంటున్నారు రాజుగారు
గట్టు మీద, నాకు వినపడేలా.
మోకాల్లోతు బురద, నోట్లో టార్చి.
మెయిన్ దించి, టెస్టరు పెట్టి చూసి,
ఎరుపు చోటికి పసుపు, పసుపు చోటికి ఎరుపు.
నీలం జోలికి పోలేదు.
స్విచ్చి వేసేముందు చీకట్లో
ఊరికే ఒకసారి పిడికిలి మడిచాను.

తెడ్లు తిరిగాయి.
తెల్లటి నురగ చెరువు నడుముకి నడిచింది.
తెల్లారేదాకా గట్టు మీదే ఉన్నాను,
రొయ్యలు ఒక్కొక్కటే అడుక్కి దిగిపోయేదాకా.

షట్టరు ఎత్తుతూ మావుళ్ళు
ఒక్క మాటే అడిగాడు:
"ఎటు తిరిగింది?"
బురద ఎండిన బొటనవేలు చూపించాను.
టీ చెప్పడానికి బయటికెళ్ళాడు.