ఇతరములు

త్రీడీ ప్రింటర్ మూతికి కాగితం అంటించాను:
పనిచేయదు, దయచేసి తట్టవద్దు.
అయినా వచ్చిన ప్రతివాళ్ళూ ఓసారి తడతారు,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

సెయింట్ జాన్స్‌లో, కాలేజీ లైబ్రరీ కింద గది ఇది.
కిటికీ ఎత్తుకి నేల, నేల మీద మురికి మంచు,
అప్పుడప్పుడూ ఎవరివో బూట్లు.
మంగళవారం ఆరింటికి తాళం తీసి నేను బల్ల మీద పరిచేవి:
అట్టముక్కలు, మైనం పూసిన దారం, సూదులు,
బ్యాడ్జీలు నొక్కే ఇనప మర,
మాడిపోయిన పాతకాలపు బల్బులు ఏడు.
"మేకర్‌స్పేస్ అంటే ఇదేనా?" అన్నారు డీన్ గారు ఒకసారి,
అని, కోటు గుండీ ఊడిందని మెల్లగా కూర్చున్నారు.

బల్బులెందుకని అందరూ అడుగుతారు.
మేజోడు మడమకి చిల్లు పడితే
లోపల బల్బు దూర్చి, చిల్లుని దాని బుర్ర మీద పరిచి
నిలువు పోగులు వేసుకోవాలి. తర్వాత అడ్డం పోగు,
ఒకటి మీంచి, ఒకటి కిందుగా.
"వెలగడం మానేశాక దీనికి ఉద్యోగం దొరికింది"
అంది ఒడీలియా బర్సీ, నర్సింగ్ మొదటి ఏడు.
తన మాటకి తనే ముందు నవ్వింది.

నైన్ నుంచి వచ్చిన బోవాస్ మాట్లాడడు.
నాలుగు వారాలుగా ఒకటే పుస్తకం కుడుతున్నాడు,
అన్నీ తెల్ల కాగితాలే.
కుట్టు వంకరపోతే మొదటి రంధ్రం దాకా విప్పేస్తాడు.
బాగానే ఉందిగా అంటే
వేలు పెట్టి చూపిస్తాడు, అదిగో, అక్కడ.
నిజమే. అక్కడ.

ఆ వారం వలసంచీ అల్లుదామనుకున్నాం,
ఉల్లిపాయలు వేసుకోడానికి.
ముడి రాలేదు.
వీడియో ఆపాం, వెనక్కి జరిపాం, మళ్ళీ ఆపాం.
అందులో చెయ్యి ఒకసారి మసకబారుతుంది,
చూసేసరికి ముడి అయిపోయి ఉంటుంది.

చెత్తబుట్ట కోసం వచ్చాడు జెరాల్డ్ టిజార్డ్.
ఆరేళ్ళుగా నాకు తెలిసింది
అతని వీపూ, తాళంచెవుల చప్పుడూ.
గుమ్మంలో ఆగి చాలాసేపు చూశాడు.
"అది ముడి కాదు, మొహమాటం.
చేప తోక తగిలితే ఊడొస్తుంది."

రబ్బరు తొడుగులు విప్పి జేబులో కుక్కాడు.
అట్టతో కోసిన మా వలసూదిని తిప్పితిప్పి చూసి
ఏమీ అనలేదు, అది అతని మర్యాద.
వల కట్టడానికి కదలని వస్తువు కావాలన్నాడు.
గదిలో ప్రింటరే దొరికింది.
మొదటి ముడి తప్పింది. రెండోదీ.
చేతుల్ని తేరిపార చూసుకున్నాడు,
పేరు గుర్తురాని చుట్టాల్ని చూసినట్టు.
"సముద్రం మూసేసిన ఏడాది మానేశాను" అన్నాడు.
సముద్రానికి తలుపులేమిటని
ఈ ఊళ్ళో ఎవరూ అడగరు.

మీ తాతది ఏ రేవమ్మా అన్నాడు ఒడీలియాని.
ఆమె చెబుతోంది. అతను ఆమె ముఖమే చూస్తూ
అవునవును, ఆ పచ్చ పడవ, ఆ కుంటి కుక్క,
నన్ను రెండుసార్లు కరిచింది, అంటుండగా
చేతులు అతన్ని వదిలేసి ముందుకెళ్ళిపోయాయి.
పైకి, చుట్టి, చిటికెనవేలి కిందుగా, బిగింపు.
పైకి, చుట్టి.
ఒక కన్ను, పక్కన ఇంకో కన్ను.

బోవాస్ తన సూది కింద పెట్టాడు.
"నెమ్మదిగా" అన్నాడు.
"నెమ్మదిగా నాకు రాదు బాబూ," అన్నాడు జెరాల్డ్,
"నెమ్మదిగా చేస్తే మర్చిపోతాను."
మరి బోవాస్ లేచి వెళ్ళి అతని వెనక నించున్నాడు,
భుజం మీంచి చూస్తూ, తన చేతుల్నీ అలాగే
గాలిలో పట్టుకుని.

తొమ్మిదింటికి ఫారం నింపాలి నేను.
వాడిన పరికరం: ప్రింటర్, లేజర్ కట్టర్, స్కానర్, ఇతరములు.
ఇతరములు పక్కన బెత్తెడు గీత.
జెరాల్డ్ అని రాశాను. కొట్టేశాను.
దారం అని రాశాను.
కాసేపాగి ప్రింటర్ దగ్గర కూడా టిక్కు పెట్టాను.

లైటు తీస్తూ చూస్తే
పదకొండు కన్నుల వరస వేలాడుతోంది,
కింద చెత్తబుట్ట
నిండుగా, అలాగే.