టైరు దిగిన చోట

కాగితంలో మూడే రాసుంది:
కోట, గుడి, మధ్యలో భోజనం.
ఆదివారం ఆరున్నరకి
హెబ్బాళ ఫ్లైఓవర్ కింద టెంపో ఎక్కినప్పుడు
నా సంచిలో పులిహోర, టోపీ,
ఏదో ఒకటి చూసి కదిలిపోవాలన్న ఆబ.

దేవనహళ్లి కోటగోడ మీద
వరసగా నిలబడి ఫొటోలు దిగాం.
బురుజు కన్నంలోంచి చూస్తే
అవతల విమానం దిగుతోంది.
గైడమ్మాయి చైత్ర ఏదో సంవత్సరం చెప్పింది,
గాలి ఆ అంకెని సగం తినేసింది.
లోపలి వీధిలో ఒకావిడ
కోటరాతికే తాడు కట్టి
పిల్లాడి యూనిఫాం ఆరేస్తోంది.
మేం ఆవిడ గుమ్మం ముందు చరిత్ర వెతుకుతుంటే
తప్పుకోండి అంది,
బట్టల మీద నీడ పడుతోందని.

విజయపుర ఇంకా రెండు కిలోమీటర్లుందనగా
టైరు దిగింది.
నంజుండ కిందికి దూకి
చక్రాన్ని ఒక తన్ను తన్ని
"అర్ధగంటె" అన్నాడు.
(ఆ ఆలస్యానికి గుడి తలుపులేసేశారు,
పులిహోర మెట్ల మీద తిన్నాం. అది తర్వాత.)

పంక్చరు కొట్టు.
రేకుల కప్పు, పాత ట్యూబుల దండలు,
నల్లనీళ్ల తొట్టి. దాని పక్కన
నా నడుమెత్తు రాయి,
రాతికి ఆనించి జాకీ రాడ్డు.
కూర్చోబోయాను.
"ఆడ కూకోవద్దమ్మా, మా మావ ఉండాడు"
అన్నాడు మునెంకటప్ప, ట్యూబు గీకుతూ.
తెలుగే.
కాస్త కన్నడం ఉప్పు పడ్డ తెలుగు,
నేను బళ్లో తిననిది.

తడిగుడ్డ తెచ్చి తనే తుడిచాడు.
కింది అరలో విల్లు పట్టిన మనిషి,
ఒంటినిండా బాణాలు,
వెనక నాలుగు ఆవులు, ఒకదాని కింద దూడ.
మధ్య అరలో ఇద్దరాడవాళ్లు
చంకల కింద చేతులేసి పైకి తీసుకుపోతున్నారు,
జబ్బుమనిషిని బస్సెక్కించినట్టు.
పై అరలో లింగం ముందు కూర్చున్నాడు.
అంతా అయిపోయాక కూడా
మొహంలో ఆశ్చర్యం పోలేదు.
లేక అది గ్రీజు మరకేమో.

అరల నడుమ పట్టీల్లో అక్షరాలు.
తలకట్లు తెలిసిన మొహాల్లాగే ఉన్నాయి.
కూడబలుక్కున్నాను:
ఒక 'ర'. 'గ' లాంటిదొకటి.
చైత్ర కన్నడమంది. నేను తెలుగన్నాను.
ఒకే అక్షరం మీద చెరో వేలు పెట్టి
ఇద్దరం చదవలేకపోయాం.
చెక్కినవాడికి ఆ పేచీ తెలియదు.

"పేరేంటి ఈయనది?"
"పేరు ఎవురికి తెల్సు?
ఆవుల్ని తోలకపోతా ఉంటే అడ్డం పడెనంట.
మా అవ్వ చెప్తా ఉండె."
"ఆవులు తిరిగొచ్చాయా మరి?"
ఆయన ట్యూబుని నీళ్లలో ముంచాడు.
అందరం వంగి చూశాం.
బుడగలు.
"ఈడ" అన్నాడు, కన్నం మీద వేలు పెట్టి.
నా ప్రశ్నకి కాదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు
జేసీబీవాడు రాతిని గట్టు కింద పూడ్చబోయాడట.
"బకెట్టు ముందర నిలబడితి.
టీ తాగిస్తి, రెండు నూర్లు ఇస్తి.
ఈడికి ఎత్తి పెట్టె."
చెబుతున్నంతసేపూ రాయి వైపు చూడలేదు.
సొల్యూషన్ ఆరిందా లేదా అని చూస్తున్నాడు.

నూటయాభై.
నంజుండ నూటఇరవైకి బేరమాడాడు.
నేను మావ పేరున ఒక ఇరవై తీస్తే
మునెంకటప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.
"అమాసకి నూనె పూస్తాం, చాలు."
"ఏ నూనె?"
తన అరచేతులు చూసుకుని నవ్వాడు.
"ఇంజనాయిలు కాదులేమ్మా. నువ్వులదే."

టెంపో కదిలింది.
వెనకద్దంలోంచి చూశాను:
జాకీ రాడ్డు తీసుకెళ్లి
మళ్లీ అతని భుజానికే ఆనించాడు,
కాస్సేపు పట్టుకో అన్నట్టు.