నాలుగో మరమేకు

తెల్లవారుజామున మూడింటికి
పొయ్యి మూడుసార్లు కీచుమని ఊరుకుంది.
నుదుటి మీది చిన్న గాజుపలకలో ఎర్రటి అక్షరాలు:
నిప్పు అంటుకోలేదు.

పొయ్యిలో పిల్లి లేవలేదంటారే,
మా ఇంట్లో అది లేమిని చెప్పే మాట కాదు.
మా బూడిదరంగు పిల్లి కాపురమే దాని నెత్తిమీద.
చల్లబడ్డ ఇనుమును ఓసారి వాసన చూసి
అద్దె ముందే కట్టేసిన మనిషిలా
నావైపు చూసింది.

బయట కార్నియా కొండలు. మైనస్ పదమూడు.
కిటికీ లోపలివైపే మంచు పూసింది.
ఎనిమిదింటికి తొల్మెట్సోకి ఫోన్ చేస్తే
పన్నెండు రోజులు పడుతుందన్నాడు ఒరెస్తె.
లోయ పొడుగునా పొయ్యిలన్నిటికీ ఒకేసారి జలుబు చేసిందట.
"మీరు మాత్రం ముట్టుకోకండి సిన్యోరా" అని కూడా అన్నాడు.

ఆ ఒక్కమాట అనకుండా ఉండాల్సింది.

ప్లగ్గు పీకాం.
మా అక్క నోర్మా, స్వెట్టరు మీద స్వెట్టరు,
టార్చి చంకలో ఇరికించుకుని మాన్యువల్ చదువుతోంది.
మాన్యువల్ ఇటాలియన్‌లో,
మా తగువు మాత్రం ఫుర్లాన్‌లో.
"గేరు మోటారు" అంటుంది తను.
"ఏది, ఈ నత్తగుల్లా?" అంటాను నేను.
"ఏడో బొమ్మలో చూపినట్టు."
ఏడో బొమ్మ మీద ఎప్పటిదో కాఫీ మరక.

జున్ను చక్రాలు తిప్పే చేతులు నావి.
పాతికేళ్లుగా ఉప్పునీళ్లలో నానినవి.
ఏది గట్టిపడిందో, ఏది ఇంకా లేతో
బొటనవేలితో నొక్కి చెప్పగలను.
ఇనుముకి ఆ భాష రాదు.

పీపాలోని గుళికలు దోసిళ్లతో బకెట్లోకి తోడాను.
రంపంపొట్టు వాసన, కింద ఎక్కడో జిగురు వాసన.
చెట్టంత చెట్టు చిటికెనవేలి గోరంత ముక్కలై
గలగలమని పడుతుంటే
చేతులు కాసేపు పని మరిచిపోయాయి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని భయం.
ఊడదీసిన ప్రతి మరమేకునీ
వరస తప్పకుండా గుడ్ల అట్టలో పెడుతున్నాను.
వెనక రేకుకి నాలుగు కన్నాలు.
అట్టలో మూడే.
"నాలుగోదేదీ?" అంది నోర్మా, నేనేదో మింగినట్టు.
నవంబరు నుంచీ ఈల వేస్తున్నది ఆ ఖాళీ కన్నమే.
మేం గాలి అనుకున్నాం.
ఒక రాత్రి నోర్మా ఇంకేదో అనుకుంది, ఇప్పుడు ఒప్పుకోదు.

గుళికల్ని మెలికలు తిప్పుతూ పైకి తోసే మరకడ్డీ
బయటికి రానంది.
లాగాను. తిట్టాను. మళ్లీ లాగాను.
చివరికి జున్ను అచ్చులో ఇరుక్కుంటే చేసే పనే చేశాను:
లాగడం మాని, వెనక్కి నెట్టాను.

టక్.
రాలిన పన్నులా ఏదో నేలమీద దొర్లి
పిల్లి కాళ్ల దగ్గర ఆగింది.
మరమేకు. నెత్తి అరిగి, మెరుస్తూ.

అక్టోబరులో సర్వీసుకొచ్చి
తొంభై యూరోలు, ఒక కాఫీ, రెండు ముక్కల కేకు
పుచ్చుకున్నాడు ఒరెస్తె.
దీన్ని మూత అంచున పెట్టి మరిచాడేమో.
పొట్టు కింద ఓ మూల మూడునెలలు పడుకుని
గుళిక వెంట గుళికలా జారి
నిన్న రాత్రి గొంతుకి అడ్డం పడింది.

మసిచేత్తోనే దాన్ని నాలుగో కన్నంలో పెట్టి తిప్పాను.
ఈల ఆగింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
మాకు ముందు పొగే వచ్చింది,
గాజు వెనక మీగడలా చిక్కగా, ఆరు నిమిషాలు.
నోర్మా పేజీలో వేలు తియ్యలేదు.
టిక్, ఒక గుళిక. టిక్, ఇంకోటి.
తర్వాత ఎవరో లోపల్నుంచి తెర లాగినట్టు
మంట.
పిల్లి మమ్మల్ని పట్టించుకోకుండా పైకెక్కింది.

వద్దని చెప్పడం మరిచిపోయాం.
పన్నెండో రోజు బూట్ల మంచు దులుపుకుంటూ ఒరెస్తె వచ్చాడు.
ఎర్రగా వెలుగుతున్న గాజుని చూశాడు,
వెనక్కి వంగి, వేలితో లెక్కపెట్టాడు,
మళ్లీ లెక్కపెట్టాడు.
చెవులు ఎర్రబడ్డాయి. చలికి కావచ్చు.

నేనేం అనలేదు. కాఫీ పెట్టాను.
కేకు ఈసారి
ఒక ముక్కే కోశాను.